మంచుకొండకి మెత్తబ్రేకు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ మెత్తబ్రేకు అనేవారు. చాటుమాటుగా కాదు, ఎదుటే. ఆయనా పలికేవాడు. బస్సు ఆగినట్టు లోపలివాళ్లకి తెలియకూడదన్నది ఆయన పట్టుదల. నిలబడ్డ ముసలమ్మ చేతిలో పాలగిన్నె ఉన్నా చుక్క తొణకకూడదనేవాడు. ఆయన బస్సెక్కి హాయిగా కునుకు తీసి, దిగాల్సిన చోటు దాటిపోయి, చివరి స్టాపులో లేచి ఆయన్నే తిట్టినవాళ్లు ఎందరో. "తప్పు నాదేనండీ, ఒక్క కుదుపన్నా ఇవ్వాల్సింది" అని నవ్వి, తిరుగు బస్సులో ఎక్కించుకుని వాళ్ల స్టాపులో దింపేవాడు.

ఎండాకాలమంతా ఊళ్లోనే తిప్పేవాడు. చలికాలం రాగానే డిపోవాళ్లు ఆయనకి కొండబస్సు అప్పగించేవారు. ఎత్తయిన కొండల మధ్య ఓ చిన్న పల్లె ఉంది. చెక్క ఇళ్లు, నాలుగైదు హోటళ్లు, చుట్టూ తెల్లటి వాలులు. కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు తొడుక్కుని జారడానికి ఎక్కడెక్కడి జనమో అక్కడికి వస్తారు. వాళ్ల సంచులూ స్నోబోర్డులూ బస్సు వెనక పేర్చడం, మంచులో జారకుండా టైర్లకి గొలుసులు బిగించడం, మెలికలు తిరిగిన దారిలో పైకి చేర్చడం ఆయన పని. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేదాకా బస్సులోనే కూర్చునేవాడు. ముందద్దంలోంచి వాలంతా కనిపించేది. రంగురంగుల కోట్లవాళ్లు చీమల బారులా పైకి పోయి, పిట్టల్లా కిందికి వాలేవారు.

అన్ని చలికాలాలు చూశాడు గానీ, తను మాత్రం ఒక్కసారీ ఆ మంచు మీద జారింది లేదు. "డ్యూటీలో ఉన్నవాడికి ఆటలేమిటి" అనేవాడు. పడితే నలుగురూ నవ్వుతారన్న బెరుకు అసలు కారణం. పెళ్లయిన కొత్తలో ఓసారి భార్యని తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్లాడు. ఇద్దరూ బస్సులోనే కూర్చుని, ఫ్లాస్కులోని వేడిపాలు తాగుతూ జారేవాళ్లని చూశారు. "ఎప్పటికైనా మనమూ ఓసారి" అన్నాడాయన. మగవాళ్లు అలాంటివి చాలా అంటారు, మరిచిపోతారు. ఆడవాళ్లు మరిచిపోరు.

ఆయన భార్యకి చిన్న కొట్టుంది. జనం తెచ్చిన బట్టల్ని వదులు చేయడం, బిగించడం, జిప్పులు మార్చడం ఆమె వ్యాపారం. ఆమె తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో ఆగిపోయిన లిఫ్టుల్ని నడిపిస్తాడు. లిఫ్టు గొయ్యిలోంచి పైవాళ్లకి వినిపించేలా అరిచి అరిచి అతనికి గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాకుండా పోయింది. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరకి వినిపిస్తుంది. అతని పిచ్చి అంతా స్నోబోర్డు, రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకుని మంచు మీద జారడం. పెళ్లి చేసుకోమంటే, "నా బోర్డుని చూసుకునే పిల్ల దొరికితే చెప్పు అక్కా" అంటాడు.

మెత్తబ్రేకు చూపు ఒక్కసారిగా పోలేదు. పక్కల నుంచి కొద్దికొద్దిగా చీకటి మూసుకొచ్చింది, తలుపులు దగ్గరికి వేస్తున్నట్టు. ఆయనకే తెలియలేదు. ఒకరోజు బావమరిది ఆయన బస్సులో ముందు సీట్లో కూర్చుని, పక్కసందులోంచి వచ్చిన సైకిలువాణ్ని బావ చూడనేలేదని కనిపెట్టాడు. సైకిలువాడు తనే తప్పుకున్నాడు. ఏమీ కాలేదు. కానీ ఆ సాయంత్రం బావమరిది ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అన్నాడు.

"బావా, రేపట్నుంచి నువ్వు బస్సు తియ్యకు. పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం."

డాక్టరు పరీక్ష చేసి, ఇది ఆగేది కాదన్నాడు. మెత్తబ్రేకు మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. బావమరిదితో మాట్లాడటమూ మానేశాడు. ఎవరి మీదా కోపం చూపించలేనివాడు, దగ్గరివాడి మీద చూపించాడు. బావమరిది మాత్రం ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. కుళాయి కారుతుంటే బిగించేవాడు, గోడకి ఆసరా కడ్డీలు బిగించేవాడు, పెట్టింది తినేవాడు, "వెళ్తాను బావా" అని జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయేవాడు. నెలలు గడిచాక ఓ ఆదివారం, "ఆ కడ్డీ కాస్త కిందికి ఉండాల్సింది" అన్నాడు బావ. బావమరిది మారుమాట్లాడకుండా విప్పి, కిందికి బిగించాడు. అలా మాటలు కలిశాయి గానీ, పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

చూపు పూర్తిగా పోయాక డిపోవాళ్లు ఆయన్ని వదులుకోలేదు. విచారణ గదిలో కూర్చోబెట్టారు. ఇరుకు గది. ఓ మూల హీటరు, చెవులకి తగిలించుకునే ఫోను, మోచేతులు పెట్టీ పెట్టీ నునుపెక్కిన బల్ల. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఎక్కడ మారాలో అడిగినవాళ్లకి చెప్పడం ఆయన పని. అడగకపోయినా, "ఎడంపక్క కూర్చోండి, ఎండ పడదు" అని ఓ మాట కలిపేవాడు. ఆ గొంతు కోసమే మళ్లీ ఫోన్ చేసేవాళ్లున్నారని పై అధికారి అంటే, ఆయన ముఖం వెలిగేది. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, పక్కన మనిషుంది. ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాడు. నిజంగానే అనుకునేవాడు. ఒకటి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఒళ్లు బిగుసుకుపోయేది. అంతమందిని మోసినవాడు ఇంకొకరికి బరువు కావడం ఆయనకి మింగుడుపడలేదు.

ఆ ఏడాది చలికాలం ఇంకా దూరంగా ఉండగానే, ఓ ఆదివారం భోజనాల దగ్గర బావమరిది తన స్నోబోర్డు ప్రయాణం గురించి మొదలుపెట్టాడు. ఏ కొండ, ఎంత వాలు, ఎన్ని పల్టీలు. అక్క విని విని, గరిటె గిన్నెలో పెట్టి అంది.

"ఈసారి మేమూ వస్తాం."

"ఎక్కడికి?" అన్నారు బావాబావమరుదులు ఒక్కసారే.

"కొండ మీదికి. ఈయన కూడా జారతారు."

మెత్తబ్రేకు నవ్వాడు. "కళ్లున్నప్పుడు చెయ్యనిది, కళ్లు పోయాక చేస్తానా? నన్నేం చేస్తారక్కడ, సంచీలతో పాటు ఓ మూల పెడతారా?"

"పెట్టను. అడిగి చూశాను, చూపులేనివాళ్లకి నేర్పేవాళ్లున్నారట" అందామె. కొట్టుకి స్కీ కోటు తెచ్చిన ఒకావిడ చెప్పిందట. "ఎప్పటికైనా మనమూ అన్నారు కదా. ఆ ఎప్పటికైనా ఇదే."

అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో అదే గోల. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, ఆయన ఇంకా ఒప్పుకోకముందే ఎక్కడ దిగాలన్న దాని మీద అక్కాతమ్ముళ్లు వాదులాడుకున్నారు. తమ్ముడికి నిట్టనిలువు వాలులు, గెంతడానికి మంచుదిబ్బలు ఉన్న పెద్ద ఊరు కావాలి. అక్కకి మెట్లు లేని హోటలు, కార్లు తిరగని వీధులు, గదికీ వాలుకీ మధ్య నాలుగడుగులు. పెద్ద ఊరివాళ్లకి ఫోన్ చేస్తే, "ఆయన హాయిగా మా ఎండవరండాలో కూర్చోవచ్చు, కంబళి ఇస్తాం" అన్నారు ఎంతో మర్యాదగా. ఆమె అంతకన్నా మర్యాదగా ఫోన్ పెట్టేసి, ఆ ఊరి పేరు మళ్లీ తలవలేదు. చివరికి ఎవరికి తట్టిందో గానీ, ఆయన బస్సు నడిపిన పల్లెకే ఫోన్ చేశారు. కింది అంతస్తులో గది ఉందన్నారు, మెట్లు లేవన్నారు, స్కీ బడిలో నేర్పే ఆవిడ ఉందన్నారు.

ఆవిడ మర్నాడు తనే ఫోన్ చేసింది. భార్య స్పీకరు నొక్కింది. మెత్తబ్రేకు పక్కగదిలోకి పోబోయాడు గానీ, ఆవిడ గొంతు గుమ్మంలోనే నిలబెట్టేసింది. కరుగ్గా ఉంది, కానీ లోపల ఎక్కడో నవ్వుంది.

"ఆయన ఏం చేసేవారు?"

"బస్సు డ్రైవరండీ."

"అయ్యో! డ్రైవర్లకి నేర్పడం మహా కష్టం. పక్కవాళ్ల మాట చచ్చినా వినరు."

"ఈ ఒక్కటీ మా ఆయన్ని చూడకుండానే చెప్పేశారు" అంది భార్య.

మెత్తబ్రేకుకి రోషం వచ్చింది. గుమ్మంలోంచే, "విననని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"అయితే వింటారన్నమాట" అంది ఆవిడ. "చూడండీ, జారడం నేను నేర్పుతాను. కానీ మీ వెనకే వస్తూ, ఎటు తిరగాలో అరిచి చెప్పే మనిషి మీకొకరు కావాలి. ఆ మనిషి 'ఆగు' అంటే మీరు ఎందుకని అడక్కుండా ఆగాలి. అలాంటివాళ్లెవరైనా ఉన్నారా?"

సంగతేమైందో కనుక్కుందామని వచ్చి కుర్చీ మీద కూర్చున్న బావమరిది కాళ్లు కదపడం ఆయనకి వినిపించింది. తనని ఒక్కమాటతో ఆపేసిన మనిషి ఎవరో ఆయనకి తెలుసు. "ఉన్నాడు. గొంతు కూడా గట్టిదే" అన్నాడు.

"ఆయనకి స్కీయింగ్ వచ్చా?"

"స్నోబోర్డు అయితే బాగా వచ్చండీ" అన్నాడు బావమరిది.

"బోర్డు కుదరదు. వాలు తక్కువైన చోట బోర్డు ఆగిపోతుంది, మీ బావ ముందుకి పోతారు. మీరూ స్కీలే నేర్చుకోవాలి."

అతని మొహం ఎలా మాడిపోయిందో మెత్తబ్రేకుకి కనిపించలేదు గానీ, ఊపిరి వదిలిన తీరు వినిపించింది. ఏడాది పొడుగునా ఆ ఒక్క సెలవు కోసం బతికే మనిషి. "సరేనండీ, నేర్చుకుంటాను" అన్నాడు. ఈసారి మాత్రం గొంతు చిన్నగానే వచ్చింది.

మంచు పడేలోగా ఇంటి దగ్గరే సాధన మొదలైంది. దగ్గర్లో ఓ పెద్ద దుకాణం ఉంది. ఆదివారం పొద్దున దాని ముందు కార్లు ఆగే చోటంతా ఖాళీ. బావ ముందు నడవాలి, బావమరిది వెనక నుంచి దారి చెప్పాలి, చెయ్యి పట్టుకోకూడదు. అక్క పక్కన నిలబడి చూడాలి. "ఎడమ!" "కుడి!" అని అతను అరుస్తుంటే, గాలికి రెండు మాటల్లోనూ ఒక్క 'డ' మాత్రమే వినిపించి, బావ మధ్యలోంచి పోయి చెత్తడబ్బాని కావలించుకున్నాడు. ఇలా కాదని బావమరిది, "రైట్! రైట్!" అన్నాడు. అంతే, బావ తల ఎత్తి, ఛాతీ విరిచి, తిన్నగా ముందుకి నడిచి పొదలో పడ్డాడు.

"కుడికి తిరగమంటే తిన్నగా పోతావేం బావా?"

"నువ్వే కదరా రైట్ రైట్ అన్నావు!" అన్నాడు ఆకులు దులుపుకుంటూ. బస్సులో కండక్టర్లున్న రోజుల్లో పని మొదలుపెట్టిన మనిషి. ఆ మాట వింటే బండి ముందుకి పోవాల్సిందే.

అక్క కడుపు పట్టుకుని నవ్వి, ఉపాయం చెప్పింది. "నేనెప్పుడూ ఈయన ఎడంపక్కనే నడుస్తాను కదా. ఎడమకి తిప్పాలంటే 'అక్కా' అని పిలువు. కుడికైతే 'బావా' అను. ఆపాలంటే 'ఆగు' అను, చాలు."

అది కుదిరింది. "అక్కా... అక్కా... బావా... ఆగు!" అన్న కేకలకి ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. పోగొట్టుకున్న బంధువుల కోసం ఎవరో వెతుక్కుంటున్నారనుకున్నారేమో. మెత్తబ్రేకు మాత్రం ఆ ఖాళీ స్థలమంతా ఒక్కడే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగాడు. అన్నేళ్ల తరవాత కాళ్లకి అంత జాగా దొరికింది.

అలసిపోయి గట్టు మీద కూర్చున్నారు. అక్క టీ తేవడానికి వెళ్లింది. మెత్తబ్రేకు చేతిలోని తెల్లకర్రతో నేల మీద కాసేపు గీశాడు.

"ఒరే, ఆ రోజు నువ్వు బస్సు తియ్యకు అన్నావు చూడు."

బావమరిది గట్టు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పకపోతే నేను తీసేవాణ్ని. ఇంకో నెలో, రెండు నెలలో తీసేవాణ్ని. ఆ సైకిలువాడు తప్పుకున్నాడు, తరవాతివాడు తప్పుకునేవాడు కాదు. ఇప్పుడు నేను పడుకుంటే నిద్ర పడుతోందంటే అది నీ పుణ్యమే. చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది."

"నువ్వు మాట్లాడకపోతే నాకూ నిద్ర పట్టలేదు బావా" అన్నాడు బావమరిది. మళ్లీ తనే, "ఆ కడ్డీ నిజంగానే కాస్త కిందికి ఉండాల్సింది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క టీ తెచ్చేసరికి ఏమీ జరగనట్టు కూర్చున్నారు గానీ, ఆమెకి చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

ఇక కోటు సంగతి. చూపులేనివాళ్లు జారేటప్పుడు వీపు మీద ఆ సంగతి రాసిన పసుప్పచ్చ జాకెట్టు వేసుకోవాలట, వెనకవాళ్లు దూరంగా ఉండటానికి. భార్య తన కొట్లోనే కుట్టింది. తొడిగి చూసేటప్పుడు ఆయన అక్షరాల్ని వేళ్లతో తడిమి, మొరాయించాడు.

"నా వీపు మీద బోర్డు ఎందుకే? ఊరంతా చదువుకోవాలా?"

"బోర్డు లేకుండా వచ్చిన బస్సుని చూసి మీరే కదా తిట్టేవారు, ఎటు పోతుందో జనానికి ఎలా తెలుస్తుందని?" అంది నోట్లో దారం పెట్టుకుని. ఆయన చేతులెత్తి నిలబడ్డాడు, ఆమె చంకల కింద బిగువు సరిచేసింది.

చలి ముదిరింది. బావమరిది శనివారాలు కనిపించడం మానేశాడు. అడిగితే, "నా బోర్డుతో కాస్త సరదా తీర్చుకుంటున్నా, తరవాత మీతో కుదరదుగా" అనేవాడు. పాపం, తీర్చుకోనీ అనుకున్నారు.

బయల్దేరే రోజు వచ్చింది. కొండబస్సు నడుపుతున్న కుర్రడ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి, తన వెనక సీట్లో కూర్చోబెట్టాడు. "ఏమన్నా తప్పుచేస్తే చెప్పండి మాస్టారూ" అన్నాడు. మెత్తబ్రేకు ఒక్కమాటా చెప్పలేదు. మలుపులు ఒంటికే తెలుస్తున్నాయి. గొలుసుల చప్పుడు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ చెవులు మూసుకుపోతాయో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. భార్య భుజం మీద తలవాల్చి, బతుకులో మొదటిసారి ఆ దారిలో నిద్రపోయాడు.

మొదటిరోజు స్కీ బడి దగ్గర ఆయనకి బూట్లు తొడిగారు. బూట్లా అవి! కాళ్లని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టుంది. స్కీల మీద నిలబడగానే నేల తనది కాకుండా పోయింది. నేర్పే ఆవిడ పొట్టి మనిషనీ, బలమైన చేతులనీ ఆయనకి పట్టుకోగానే తెలిసింది. ముందుకొసలు దగ్గరగా, మడమలు దూరంగా పెడితే వేగం తగ్గుతుందని చెప్పింది. రెండడుగుల వాలు మీద వదిలి, "ఆగు" అంది. ఆయన ఎడమకి తిరిగి పడ్డాడు. లేపింది, వదిలింది, "ఆగు" అంది. మళ్లీ ఎడమకే తిరిగి, మళ్లీ పడ్డాడు. పొద్దంతా ఇదే వరస. ఆవిడకి అంతుపట్టలేదు.

"ఆగమంటే ఎడమకి ఎందుకు తిరుగుతున్నారు? మిగతావన్నీ బాగానే చేస్తున్నారే!"

కంచె అవతల నిలబడి చూస్తున్న భార్య గట్టిగా అరిచింది. "ఆయన బ్రేకు తొక్కుతున్నారండీ! కుడికాలు చూడండి!"

నిజమే. ఆగు అన్న మాట చెవిన పడగానే ఆయన కుడికాలు తనంతట తనే కిందికి నొక్కుతోంది. స్కీల మీద కుడికాలు నొక్కితే మనిషి ఎడమకి తిరుగుతాడు. ఆవిడ మంచులో కూలబడి మరీ నవ్వింది. "ఇక్కడ బ్రేకు రెండు కాళ్లదీ అయ్యా! సగం బ్రేకు వెయ్యకండి." పడితే నలుగురూ నవ్వుతారని అన్నేళ్లు భయపడిన మనిషి, ఆ నలుగురి కంటే గట్టిగా తనే నవ్వాడు.

రెండోరోజుకి కాళ్లు మాట విన్నాయి. మూడోరోజు పెద్ద వాలు మీదికి, తీగ మీద వేలాడుతూ పోయే కుర్చీ లిఫ్టు ఎక్కాలి. బావమరిది ఎప్పట్లాగే ముందు లిఫ్టు మోటారు దగ్గరికి పోయి, దాని చప్పుడు విని, పరవాలేదని తేల్చి వస్తానని వెళ్లాడు. వరసలో నిలబడ్డ నేర్పే ఆవిడ మెత్తబ్రేకుతో అంది.

"మీరు అదృష్టవంతులండీ. మీ బావమరిది శనివారం శనివారం వచ్చి నా ప్రాణం తీశాడు. ముందు స్కీలు నేర్చుకున్నాడు. సరే, వచ్చేసిందిలే అన్నాను. ఊరుకోలేదు. నా చేత కళ్లకి గంతలు కట్టించుకుని, నేను అరుస్తుంటే జారాడు. ఎందుకయ్యా అంటే, కేక ఎంత ముందు వెయ్యాలో, బావకి ఎలా ఉంటుందో నాకు తెలియాలిగా అన్నాడు. ముక్కు పగలగొట్టుకున్నాడు కూడా. మీకు చెప్పలేదా?"

"లిఫ్టు తలుపు తగిలిందన్నాడు" అన్నాడు మెత్తబ్రేకు. బోర్డుతో సరదా తీర్చుకుంటున్నానన్న శనివారాలన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్లముందు నిలబడ్డాయి. ధన్యవాదాలు అన్న మాట సభల్లో బాగుంటుంది, బావమరిదితో అంటే తిట్టినట్టుంటుంది. అతను తిరిగొచ్చి, "మోటారు బంగారంలా ఉంది బావా" అంటూ పక్కన నిలబడగానే, ఆయన తడిమి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. తనంతట తను ఒకరి చెయ్యి పట్టుకోవడం చూపు పోయాక అదే మొదలు. కుర్చీ వచ్చి ఇద్దర్నీ ఎత్తుకుపోయేదాకా, పైన దిగేదాకా వదల్లేదు.

"భయంగా ఉందా బావా?"

"లేదురా. ఊరికే."

పైన గాలి సన్నగా, శుభ్రంగా ఉంది. మంచు మీద ఎండ పడితే బుగ్గలకి కిందినుంచి కూడా వెచ్చదనం కొడుతోంది. ఎక్కడో దూరంగా పిల్లల కేరింతలు. నేర్పే ఆవిడ పక్కన ఉంటానంది. బావమరిది వెనక చేరి గొంతు సవరించుకున్నాడు.

"పోనీ బావా!"

ఆయన వదిలాడు. మొదట స్కీల కింద మంచు గరగరలాడింది, తరవాత పట్టు చిరిగినట్టు సన్నని చప్పుడైంది. గాలి చెవుల్లో మొదలైంది. "అక్కా..." కుడికాలి మీద బరువు వేశాడు, కొండ మెల్లగా ఎడమకి తిరిగింది. "బావా..." ఇటు తిరిగింది. అక్కా, బావా, అక్కా, బావా. పక్క నుంచి పోయేవాళ్లు ఆగి చూస్తున్నారని ఆవిడ తరవాత చెప్పింది. ఆయనకి అదేం తెలియలేదు. అరికాళ్లకి కొండ వాలు తెలుస్తోంది, వెనక నుంచి ఆ మోటు గొంతు తెలుస్తోంది. ఆ రెండు చాలు. ఎటు పోతున్నానో చూసుకోవాల్సిన పని ఇంకొకడు నెత్తిన వేసుకుంటే, పోవడం అనే సుఖం ఒక్కటే తనకి మిగిలింది. స్టీరింగు దగ్గర అన్నేళ్లు కూర్చున్నా ఆ సుఖం ఇదివరకు తెలియదు. ప్రయాణికులు ఇలా ఉండేవారన్నమాట అనుకున్నాడు.

"ఆగు!"

ఎందుకని అడగలేదు. రెండు కాళ్లూ తెరిచి నొక్కాడు, ఆగాడు. ఎవరో స్నోబోర్డు కుర్రాడు ముందు నుంచి సర్రున కోసుకుపోయాడు. వాడి మంచు తుంపర మొహం మీద పడింది. "కళ్లు కనబడట్లేదా!" అని బావమరిది ఆ కుర్రాడి మీద అరిచి, నాలుక కరుచుకున్నాడు. మెత్తబ్రేకు మొహం మీది మంచు తుడుచుకుంటూ, "వాడికి కనబడకపోతే నా జాకెట్టు లాంటిది ఒకటి కుట్టించి ఇద్దాంలేరా" అన్నాడు.

కిందికి చేరేసరికి భార్య కంచె దాటి ఎదురొచ్చింది. టోపీ సరిచేసినట్టు నటించి, రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది.

ఆఖరిరోజు పొద్దున్నే మెత్తబ్రేకు బావమరిదిని నిద్రలేపాడు. హోటలు గదిలో తడిమి తడిమి, మంచం వెనక దాచుకున్న స్నోబోర్డు లాగి, అతని ఒళ్లో పెట్టాడు. "ఇవాళ నాకు నీతో పని లేదు. చీకటి పడేదాకా కనబడకు" అన్నాడు. అతను ఏదో అనబోతే, "ఎందుకని అడక్కుండా పో" అన్నాడు. కాసేపటికి కిటికీ బయట, కట్టు విప్పిన దూడలా అతను పరిగెత్తిన చప్పుడు వినిపించింది.

భార్యాభర్తలిద్దరూ ఓ చెక్కబండి అద్దెకి తీసుకున్నారు. మంచు మీద కూర్చుని జారే చిన్నబండి, ఇద్దరు పడతారు. పిల్లలు జారే వాలు పైకి లాక్కుంటూ వెళ్లారు.

"మీరు వెనక కూర్చోండి. నేను తిప్పుతాను" అందామె.

"నీకొచ్చా?"

"రాదు. ఇన్నేళ్లు మీ వెనక కూర్చున్నాను, రాకపోతే ఏం, పడదాం."

ఆయన ఆమె నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాడు. బండి కదిలింది. ఆమె మొదట నెమ్మదిగా, తరవాత పెద్దగా, చిన్నపిల్లలా కేక పెట్టింది. ఆమె గొంతులో అలాంటి కేక ఉందని కూడా ఆయనకి తెలియదు. సగం దూరం పోయాక బండి ఓ గుట్టనెక్కి, ఇద్దర్నీ చెరోవైపు విసిరేసి, తన దారిన తను పోయింది.

మంచు మెత్తగా, లోతుగా ఉంది. ఆయన వెల్లకిలా పడి, అలాగే ఉండిపోయాడు. కాలరులోంచి చల్లగా వీపు మీదికి కారుతోంది. కొంచెం అవతల ఆమె ఆయాసపడుతూ నవ్వుతోంది.

"ఏమండీ, బాగానే ఉన్నారా?"

చూపు పోయిన కొత్తలో రోజుకి పదిసార్లు ఆమె అదే అడిగేది, ఆయన విసుక్కుంటూ ఊఁ అనేవాడు. ఇప్పుడు మాత్రం కాసేపు నిజంగా ఆలోచించాడు.

"చాలా బాగున్నానే" అన్నాడు.

ఆమె మంచులో పాకుతూ వచ్చి పక్కన పడుకుంది. కింద ఎవరో పిల్లలు వాళ్ల బండి పట్టుకుని, ఇది ఎవరిదని అరుస్తున్నారు. మాదేనని చెప్పడానికి ఇద్దరిలో ఎవరూ తొందరపడలేదు.